కాలనీ లోపలి వీధి ఎంత వెడల్పు ఉండాలి? అంకె ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న: లేఅవుట్ కమిటీ సభ్యుడు

అందరికీ నమస్కారం. మేము అరవై ఇళ్లకు సరిపడే కొత్త లేఅవుట్ వేయించుకుంటున్నాం. పెద్ద రోడ్డు నుంచి లోపలికి వచ్చే వీధి సుమారు 300 మీటర్ల పొడవుంటుంది. దానికి రెండు వైపులా ఇళ్లు వస్తాయి, ఇళ్ల ముందు వెడల్పు ఒక్కొక్కటి 10 మీటర్లు. ఆ వీధి చివర మూసుకుపోతుంది కనుక, అక్కడ ఉండేవాళ్లూ వాళ్ల కోసం వచ్చేవాళ్లూ తప్ప వేరే బండ్లు అటు తిరగవు.

ప్లాట్ల పంపకం ఏ పేచీ లేకుండా తేలిపోయింది గానీ, వీధి వెడల్పు దగ్గర మూడు సమావేశాలు జరిగినా మాట కలవలేదు. ఒకసారి ఇరుకు చేసుకుంటే మళ్లీ వెడల్పు చేసుకోలేమనీ, 12 మీటర్ల మేర తారు వేయాల్సిందేననీ కొందరు పట్టుబడుతున్నారు. లోపలి వీధికి 5 మీటర్లు చాలనీ, మిగతా స్థలాన్ని ప్లాట్లలో కలపాలనీ మరికొందరు అంటున్నారు. రెండు పక్షాల వారూ అంకె చెబుతున్నారే తప్ప, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పడం లేదు. వెడల్పును దేని ఆధారంగా నిర్ణయిస్తారు? ముందుగా దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? ఈ పనిలో అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే, నాలుగో సమావేశానికి ఆ మాటలనే తీసుకువెళతాను.

జవాబు 1: రోడ్ల డిజైన్‌లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు

మీ కమిటీలో తగువు ఎక్కడుందో నాకు అర్థమైందనుకుంటున్నాను. వీధి వెడల్పు అనే ఒకే మాటతో మీరంతా రెండు వేరువేరు కొలతల గురించి మాట్లాడుతున్నారు. ఒకటి, ఈ వైపు ప్రహరీ గోడ నుంచి ఆ వైపు ప్రహరీ గోడ వరకు ఉండే వెడల్పు. దీన్ని హద్దు వెడల్పు అందాం. రెండోది, అందులో బండ్లు తిరగడానికి గట్టిగా వేసే భాగం. దీన్ని తారు వెడల్పు అందాం. ఇరుకు చేసుకుంటే మళ్లీ దొరకదని భయపడేవారి మాట హద్దు విషయంలో అక్షరాలా నిజం, ఎందుకంటే గోడలు లేచాక ఒక్క అడుగు వెనక్కి జరపాలన్నా అరవై కుటుంబాల ఒప్పుదల కావాలి. తారు విషయంలో మాత్రం ఆ భయానికి ఆధారం లేదు. పక్కన మట్టి ఉంటే రేపైనా, పదేళ్ల తర్వాతైనా తారు వేసుకోవచ్చు. ఒకసారి వేసిన తారును తవ్వి మొక్కలు నాటిన కాలనీని మాత్రం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో 1875 నాటి ప్రజారోగ్య చట్టం తర్వాత వచ్చిన నమూనా నిబంధనలు కొత్త వీధులకు 36 అడుగుల వెడల్పును కోరాయి. గాలీ వెలుతురూ చొరని ఇరుకు సందుల్లో రోగాలు ప్రబలడం చూసి పెట్టిన నియమమది కనుక ఉద్దేశం మంచిదే, కానీ దాని ఫలితంగా చిన్న ఇళ్ల ముందు కూడా గోడ నుంచి గోడ వరకు రాళ్లు పరచిన వీధులే మిగిలాయి, చెట్టుకు చోటు లేకుండా పోయింది. లండన్ ఉత్తర భాగంలో హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అనే నివాస ప్రాంతాన్ని వాస్తుశిల్పులు రేమండ్ అన్విన్, బ్యారీ పార్కర్ రూపొందిస్తున్నప్పుడు ఈ నియమం అడ్డు వచ్చింది. అప్పుడు 1906లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకున్నారు. దాని ప్రకారం 500 అడుగులకు మించని లోపలి దారులు 20 అడుగుల వెడల్పు ఉంటే చాలు, అయితే ఎదురెదురు ఇళ్ల మధ్య దూరం మాత్రం 50 అడుగులకు తగ్గకూడదు. అంటే గాలికీ వెలుతురుకూ కావలసిన వెడల్పు వేరు, బండికి కావలసిన వెడల్పు వేరు అని నూరేళ్ల క్రితమే చట్టంలో రాసి పెట్టారు. మీ సమావేశంలో మొదట చదవాల్సింది ఈ ఒక్క నియమమేనని నా అభిప్రాయం.

ఇక తారు వెడల్పు లెక్కకు వద్దాం. కారు ఒళ్లు సుమారు 1.8 మీటర్లు, అద్దాలతో కలిపితే 2 మీటర్లు. లారీ, ఫైరింజన్, చెత్త బండి వంటివి 2.5 మీటర్ల దాకా ఉంటాయి. బ్రిటన్ రవాణా శాఖ 2007లో వెలువరించిన వీధుల మార్గదర్శకం ప్రకారం, ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు తప్పుకోవడానికి 4.1 మీటర్లు, కారూ లారీ తప్పుకోవడానికి 4.8 మీటర్లు, రెండు లారీలు తప్పుకోవడానికి 5.5 మీటర్లు చాలు. వీటిలో ఎక్కడా 12 కనిపించదు. మరి 12 ఎక్కడి నుంచి వస్తుందంటే, రెండు వైపులా బండ్లు నిలిపి, మధ్యలో రెండు పెద్ద బండ్లు ఎప్పుడూ ఆగకుండా ఎదురెదురుగా పోవాలన్న కోరిక నుంచి వస్తుంది. అరవై ఇళ్ల వీధిలో రెండు లారీలు ఎదురుపడడం రోజుకు ఒకసారి కూడా జరగకపోవచ్చు. జరిగినప్పుడు ఒకటి పది క్షణాలు ఆగితే సరిపోతుంది.

కాబట్టి అసలు ప్రశ్న, వీధిలో బండ్లు నిలుపుతారా, నిలిపితే ఒక వైపా, రెండు వైపులా అన్నది. నిలిపిన కారు 2 మీటర్లు తింటుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం 1991లో లోపలి వీధుల వెడల్పు తగ్గించినప్పుడు ఇదే పద్ధతి అనుసరించింది: ఒక వైపు పార్కింగ్ ఉంటే 20 అడుగులు, రెండు వైపులా ఉంటే 26 అడుగులు. రెండు సందర్భాల్లోనూ బండ్లు పోయే వరుస ఒక్కటే, ఎదురుగా బండి వస్తే సందు చూసుకుని ఒకరు ఆగి దారి ఇవ్వాలి. మెల్లగా పోయే వీధిలో ఇది ఇబ్బంది కాదు, మెల్లగా పోయేలా చేసేదే అది.

మీ ప్రశ్నలో లేని విషయం ఇంకొకటి చెప్పాలి. హద్దు వెడల్పును తారు కంటే ఎక్కువగా నిర్ణయించేది నేల కింద ఉండేవే. మంచినీటి గొట్టానికీ మురుగు గొట్టానికీ మధ్య అడ్డంగా 3 మీటర్ల ఎడం ఉంచడం ఇంజనీర్లు సాధారణంగా పాటించే నియమం, ఎందుకంటే ఒకటి పగిలితే రెండోది కలుషితం కాకూడదు. దానికి వాన నీటి కాల్వ, కరెంటు తీగలు, చెట్టు వేళ్లకు కనీసం 1.5 మీటర్ల మట్టి చేర్చండి. ఐదు మీటర్ల హద్దులో ఇవన్నీ పెట్టాలంటే ఒక దాని మీద ఒకటి పేర్చాలి, తర్వాత ఏ మరమ్మతు వచ్చినా వీధి మొత్తం తవ్వాలి. మిగతా స్థలాన్ని ప్లాట్లలో కలపాలనేవారికి ఈ మాట తప్పక చెప్పండి.

జవాబు 2: అగ్నిమాపక శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన సభ్యుడు

ఇంజనీరు గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే మేము వీధిని వేరే కంటితో చూస్తాం. ఫైరింజన్ వీధిలో పోవడం ఒకటి, అక్కడ ఆగి పని చేయడం ఒకటి. బ్రిటన్ మార్గదర్శకం ప్రకారం, పోవడానికైతే కొద్ది దూరం మేర 2.75 మీటర్లున్నా చాలు, ఆగి పని చేయడానికి 3.7 మీటర్లు కావాలి. బండి ఆగాక రెండు పక్కలా తలుపులు తెరవాలి, గొట్టాలు దించాలి, సిబ్బంది బండి పక్క నుంచి పరుగెత్తాలి. అందుకే అమెరికాలో విస్తృతంగా పాటించే అంతర్జాతీయ అగ్ని నియమావళి ఏ అడ్డూ లేని 20 అడుగులు, అంటే 6.1 మీటర్లు కోరుతుంది. తొమ్మిది మీటర్లకు మించి ఎత్తున్న భవనాలకు నిచ్చెన బండి రావాలి, దాని ఊతకాళ్లు పక్కలకు చాపి నేల మీద ఆనించాలి కనుక అక్కడ 26 అడుగులు అడుగుతారు. మీ ఇళ్లు ఎన్ని అంతస్తులో మీరు రాయలేదు. ముందు అది తేల్చుకోండి.

ఆ నియమంలో ముఖ్యమైన మాట 20 అడుగులు కాదు, ఏ అడ్డూ లేని అన్నది. ఒక రాత్రి మేము వెళ్లిన వీధి కాగితం మీద 9 మీటర్లు. రెండు వైపులా కార్లు నిలిపి ఉన్నాయి, ఒక కారు గోడకు ఆనించకుండా ముక్కు బయటికి పెట్టి వదిలేశారు. మా డ్రైవరు అద్దాలు మూయించి, ఒకరిని ముందు నడిపించి, చెయ్యి చూపిస్తుంటే అంగుళం అంగుళంగా బండి నడిపాడు. ఇద్దరం కారు వెనుక బంపరు పట్టుకుని పక్కకు జరపాలని చూశాం, హ్యాండ్ బ్రేకు వేసి ఉంది, కదల్లేదు. చివరికి బండి అక్కడే ఆపి, గొట్టాలు ఒకదానికొకటి బిగించుకుంటూ కాలినడకన తీసుకుపోయాం. అదే నెలలో 5 మీటర్ల వీధిలోకి పోయి వచ్చాం, అక్కడ వీధిలో బండి నిలపడం అసలు లేదు, నేరుగా గుమ్మం ముందుకు పోయి ఆగాం.

మూలలు కూడా చూసుకోండి. సన్నని వీధిలోకి పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటాయి. కొత్త కాలనీకి తనిఖీకి వెళ్తే నేను మొదట మూల మీది అంచు రాయినే చూసేవాణ్ని. దాని మీద టైరు మరకలు, పగుళ్లు ఉంటే ఆ మలుపు సరిపోవడం లేదని తెలిసిపోతుంది. మీ వీధి చివర మూసుకుపోతుందన్నారు. పైన చెప్పిన నియమావళి 150 అడుగులు దాటిన మూసిన దారికి చివర్లో బండి తిరిగే చోటు ఉండాలంటుంది. మీది దాదాపు వెయ్యి అడుగులు. పొగలో, చీకట్లో, చుట్టూ జనం గుమిగూడి ఉండగా 300 మీటర్లు రివర్సులో రావడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుస్తుంది. వెడల్పు మీద మూడు సమావేశాలు పెట్టారు, ఒక సమావేశం ఆ తిరుగుడు చోటు మీద పెట్టండి.

జవాబు 3: వెడల్పాటి వీధిలో పిల్లలతో ఉంటున్న సభ్యురాలు

మేము ఉండేది సరిగ్గా మీ కమిటీలో కొందరు కోరుతున్న 12 మీటర్ల తారు వీధే. ఇల్లు కొన్న రోజున ఆ వెడల్పు చూసి ఎంతో సంతోషించాం. ఇప్పుడు మా పాప ఎదురింటికి వెళ్లాలంటే నేను గేటు దాకా వచ్చి నిలబడతాను.

కారణం లెక్కలోనే ఉంది. మనిషి మామూలు నడక సెకనుకు సుమారు 1.2 మీటర్లు. 12 మీటర్లు దాటడానికి పది సెకన్లు పడుతుంది, 6 మీటర్లకు ఐదు. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ పది సెకన్లలో 130 మీటర్లకు పైగా వచ్చేస్తుంది, అంటే దాటడం మొదలుపెట్టినప్పుడు కంటికి ఆనని బండి నడివీధిలో ఉండగా మీద పడుతుంది. గంటకు 32 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఐదు సెకన్లలో వచ్చేది 45 మీటర్లు మాత్రమే. బ్రిటన్ హైవే కోడ్ పట్టిక ప్రకారం, ఆ తక్కువ వేగంలో ఉన్న కారు ఆగడానికి 12 మీటర్లు పడుతుంది, 48 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికి 23 మీటర్లు పడుతుంది. వీధి వెడల్పుగా, ఖాళీగా, నిట్టనిలువుగా కనిపిస్తే ఎంత మంచివాడి కాలైనా యాక్సిలరేటరు మీద బరువవుతుంది. మా వీధిలో వేగంగా పోయేవాళ్లు బయటివాళ్లు కాదు, మా వీధివాళ్లే.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లాంగ్‌మాంట్ పట్టణంలో దాదాపు 20,000 ప్రమాద నివేదికలను పరిశీలించి 1997లో వెలువరించిన అధ్యయనం కూడా, లోపలి వీధుల వెడల్పు పెరిగే కొద్దీ గాయాలయ్యే ప్రమాదాలు పెరిగాయనీ, సుమారు 24 అడుగుల వీధులు అన్నిటికంటే సురక్షితంగా కనిపించాయనీ తేల్చింది. అది ఒక్క పట్టణం లెక్కే, దాన్నే శాసనంగా తీసుకోమని నేననను. కానీ మా గేటు దగ్గర నిలబడి నేను రోజూ చూస్తున్నది దానికి భిన్నంగా లేదు.

మా వాళ్లు తర్వాత స్పీడ్ బ్రేకర్లు వేయించారు. రెండు బ్రేకర్ల మధ్య మళ్లీ అదే వేగం, బ్రేకర్ దగ్గర కీచుమనే శబ్దం, ఆ ఎదురింటివారికి రాత్రిళ్లు నిద్ర లేదు. వేగాన్ని ముందు ఆహ్వానించి, తర్వాత దానికి అడ్డుకట్టలు వేసుకోవడం కంటే, మొదటే వేగం రానివ్వని వీధి కట్టుకోవడం మేలు కదా. ఎండాకాలంలో ఆ తారు నుంచి వచ్చే వేడి, వాన పడ్డప్పుడు దాని మీద నుంచి ఉరికే నీరు, వీటి సంగతి ఇంజనీరు గారు చెబితే బాగుంటుంది.

జవాబు 4: ఇరుకు వీధిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న సభ్యుడు

పైవారి మాటల్లో నిజం ఉంది గానీ, అవతలి వైపు కూడా వినండి. మా వీధి 5 మీటర్లు. కట్టినప్పుడు ఇంటికి ఒక బండి ఉండేది, ఇప్పుడు రెండు, కొన్ని ఇళ్లలో మూడు. ఇంటి లోపల ఒకదానికే చోటు. మిగిలినవి వీధిలోనే ఉంటాయి, కాలిబాట మీదకు రెండు చక్రాలు ఎక్కించి నిలుపుతారు. అంటే సన్నని వీధి వల్ల నష్టపోయింది బండివాడు కాదు, నడిచేవాడు. పక్కింటి పెద్దావిడ చక్రాల కుర్చీలో బయటికి వస్తే బండ్ల మధ్య నడివీధిలో పోవాలి. ఆ దృశ్యం రోజూ చూస్తూ, ఇరుకు వీధి క్షేమమని నేను ఒప్పుకోలేను.

మీ లెక్కే తీసుకోండి. అరవై ఇళ్లు, ఇంటికి రెండు బండ్లు అనుకుంటే నూట ఇరవై. లోపల ఒకటి పోగా అరవై బండ్లు వీధిలో ఉండాలి. 10 మీటర్ల ఇంటి ముందు భాగంలో గేటుకు మూడున్నర మీటర్లు పోతే ఒక్క కారు నిలిపే చోటు మిగులుతుంది, మధ్యలో చెట్లు నాటితే అది కూడా కొన్ని ఇళ్ల ముందు ఉండదు. ఒక వైపు మాత్రమే నిలుపుతామంటే ముప్పైకి లోపే పడతాయి. మిగతా ముప్పై ఎక్కడ పెడతారు? ఇది తేల్చకుండా తారు తగ్గిస్తే, మొదటి పండక్కే చుట్టాల బండ్లన్నీ కాలిబాట ఎక్కుతాయి.

జవాబు 5: పదవీ విరమణ చేసిన ఇంజనీరు

నాలుగో జవాబు రాసిన వారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే బరువైన అభ్యంతరం. దానికి సూటిగానే జవాబు చెప్పాలి.

వారి వీధిలో తప్పు జరిగింది తారు 5 మీటర్లు అయినందుకు కాదు, దాని పక్కన ఏమీ మిగల్చనందుకు. హద్దు 15 మీటర్లు ఉండి ఉంటే, బండ్లు పెరిగిన రోజున పక్కనున్న మట్టిలో నిలిపే చోట్లు కట్టుకునేవారు, కాలిబాట జోలికి పోవాల్సిన పని ఉండేది కాదు. మీకు నేను సూచించేది ఇదే: 15 మీటర్ల హద్దులో 6 మీటర్ల తారు, ఒక వైపు చెట్ల మధ్య 2 మీటర్ల వెడల్పున నిలిపే చోట్లు, రెండో వైపు 1.5 మీటర్ల చెట్ల వరుస, రెండు వైపులా 1.8 మీటర్ల కాలిబాట. ఇవన్నీ కలిపితే 13.1 మీటర్లు, మిగిలిన 1.9 మీటర్లు కాల్వకూ స్తంభాలకూ పోతాయి. 6 మీటర్లే ఎందుకంటే, అగ్నిమాపక శాఖ మిత్రులు చెప్పిన అంకెకు అది దాదాపు సమానం, పైగా గేటులోంచి కారు రివర్సులో బయటికి తీసి ఒకేసారి తిప్పుకోవడానికి కావలసిన వెడల్పు కూడా సుమారు అంతే. ముప్పై బండ్ల లోటు మాత్రం వీధి తీర్చదు. ప్రతి ప్లాటులో రెండు బండ్లకు చోటు వదలాలని ఇల్లు కట్టకముందే రాసుకోవాలి. అది చేయలేమంటే రెండో చెట్ల వరుసను కూడా పార్కింగ్‌కు ఇవ్వాల్సి వస్తుంది. బాధగానే ఉంటుంది, కానీ కాలిబాట పోవడం కంటే నయం.

మూడో జవాబులో అడిగిన వాన నీటి సంగతి. 12 మీటర్లకూ 6 మీటర్లకూ తేడా 6 మీటర్లు. 300 మీటర్ల పొడవుకు అది 1,800 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీద నుంచి 18,000 లీటర్ల నీరు నేలలోకి ఇంకకుండా కాల్వలోకి పోతుంది, కాల్వ ఆ మేరకు పెద్దది కావాలి. కొన్నేళ్లకోసారి పైపొర మళ్లీ వేసినప్పుడల్లా ఆ 1,800 చదరపు మీటర్లకూ ఖర్చు పెట్టాలి, బండి ఎక్కని భాగానికి కూడా.

అంకెలు ఒప్పించకపోతే నేల మీద చూపించండి. ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీయించి, నిజమైన బండ్లు తెప్పించి నడిపి చూడండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు (రెండు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టే మొన్న ఆదివారం పొద్దున సున్నం గీతలు వేయించాం. 5, 6, 12 మీటర్లు పక్కపక్కనే గీయించి, మా కార్లు నాలుగు గీతల వెంట నిలిపి, పెద్ద చెత్త బండి ఒకటి బతిమాలి తెప్పించాం. 12 మీటర్లు కోరినవారు ఆ గీతల మధ్య నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. ఇంత అనుకోలేదని ఒకాయన అన్నారు. 6 మీటర్ల గీతల మధ్య చెత్త బండి, ఎదురుగా కారు, రెండూ ఎక్కడా ఆగకుండా తప్పుకున్నాయి. 5 మీటర్ల దగ్గర ఒక వైపు కారు నిలిపితే బండి పోయింది గానీ, డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ పోవాల్సి వచ్చింది.

ఇబ్బంది అంతా మలుపు దగ్గర వచ్చింది. పెద్ద రోడ్డు నుంచి తిరిగేటప్పుడు వెనుక చక్రం మేము గీసిన వంపు దాటి రెండు జానల లోపలికి కోసుకుంటూ పోయింది, సున్నం మీద టైరు అచ్చు అలాగే పడింది. ఆ అచ్చు వెంట కొత్త వంపు గీయించాం. మా ఇళ్లు రెండంతస్తులకు మించవు కనుక నిచ్చెన బండి లెక్క అక్కరలేదన్నారు, అయినా స్థానిక అగ్నిమాపక అధికారికి నక్షా పంపాం. వీధి చివర తిరుగుడు చోటు కోసం చివరి రెండు ప్లాట్ల నుంచి స్థలం తీసుకోవాలి, ఆ ప్లాట్ల వారికి బదులు ఏమివ్వాలన్నది ఇంకా తేలలేదు. ప్లాటుకు రెండు బండ్ల నియమానికి నలభై రెండు కుటుంబాలు సంతకం చేశాయి, మిగతా పద్దెనిమిది ఇళ్లకు ఈ వారం నేనే వెళ్తున్నాను.